ఇరవై నాలుగు పండ్లు

టేకు మాడిన వాసన
నాకంటే ముందు
చాయ్ తెచ్చిన పిల్లగాని ముక్కుకు తగిలింది.
"చారి సాబ్, ఏదో అడుగంటుతున్నది."

అడుగంటింది అన్నం కాదు,
కొత్తవాడ ఆడెపు కొమురమ్మ మగ్గానికి
కోస్తున్న పలక.
ఆరడుగుల బద్ద,
కోత పొడుగునా కాటుక పూసినట్టు నల్ల చార.
చెయ్యి పెడితే చురుక్కుమన్నది.

మిషన్ మీదున్నది అరవై పండ్ల బ్లేడు.
పోయినేడు గొప్పకు కొన్న.
పండ్లెక్కువుంటే నున్నగ కోస్తదని
నలుగురికి చెప్పిన కూడ.
ప్లైవుడ్డును అడ్డం కోస్తే
వెన్న మీద దారం గుంజినట్టే ఉంటది, అబద్ధం కాదు.
కని నిలువు కోతకు పెట్టంగనే
మూలుగుతది, పొగ తాగుతది.

మా నాయిన లింగాచారి
అమాసనాడు కట్టె ముట్టకపోయేది,
ఆకురాయి మాత్రం ముట్టేది.
గడప మీద రెండు రంపాలు.
ఒకదాని పండ్లు కత్తి మొనల్లెక్క, అది అడ్డానికి.
ఇంకోదానివి వరుసగ నిలవడ్డ సన్నులులు, అది నిలువుకు.
"మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన" అనేది,
నేను అన్నానికి కూసున్నంక అన్నడనుకున్న.
ముప్పై ఏండ్లకు,
కాలిన బద్ద చేతుల పట్టుకొని నిలవడ్డంక తెలిసింది
ఆయన రంపం గురించి మాట్లాడిండని.

చౌరస్తల సిరాజుద్దీన్ దుకాణం.
"ఎనభై పండ్లది తీస్కో భాయ్, అద్దమే!"
ఇరవై నాలుగుది కావాలన్న.
"పండ్లు తక్కువైతే పైసలు తక్కువ,
నాకేం మిగులుతది?"
నవ్వుకుంటనే అట్టపెట్టె దించిండు.

వెలుగుకు ఎదురుంగ పట్టి చూసిన, వంకర లేదు.
గోరుతోని కొట్టిన, గంట లెక్క పలికింది.
పన్నుకు పన్నుకు నడుమ
బొటనవేలి కొస పట్టేంత సందు.
పొట్టు పోవాలె కద,
నోట్లెది నోట్లెనే ఉంటే
ఎవ్వడైన ఎట్ల నములుతడు?
పండ్ల నెత్తులు చదునుగ ఉన్నయి, నాయిన ఉలుల లెక్కనే.
మందం పల్చనిదే తీసుకున్న,
నా మోటరుది ఒకటిన్నర హార్సు పవరు,
దాని రెక్కల కష్టం నాకెరుక.

పదహారు వందలు.
కొమురమ్మకు చెప్పిన రేటుల
సగం అక్కడ్నే పోయింది.

బిగించిన.
కంచె కట్ట ముందు ఎంత దూరమో
ఎనుక అంతే ఉన్నదా అని
మూడుసార్లు కొలిచిన.
మునుపు ఒక నూలు వాసి తేడా ఉండె,
అన్ని తప్పులు బ్లేడు మీదికే తోసిన ఇన్నొద్దులు.

స్విచ్చి ఏసిన. మూలుగు లేదు.
సన్నటి పొట్టు కాదు రాలేది,
పొడుగు పొడుగు తీగెలు,
కాళ్ళ కింద పసుపుపచ్చ నూలు చిక్కు.

పొద్దుగూకంగ కొమురమ్మ వచ్చింది.
ఎందుకు ఆలస్యమైందో చెప్పబోయి
పండ్లు, సందులు, నెత్తులు అనుకుంట తడవడిన.
ఆమె బద్ద నార మీద వేలు పెట్టి
"ఇది పడుగు. నువ్వు పేక కోసే కత్తితోని
పడుగు కోసినవ్, అంతేనా?" అన్నది.
నాలుగొద్దుల సంది నేను తిరిగిన దారి
ఆమెకు అంగట్ల రెండడుగులు.

కొంగు మూల ముడి విప్పి
ఒంటి పోగు తీసింది.
బద్ద కొస నుంచి కొసకు
ఊపిరి బిగవట్టి గుంజింది.
ఐదడుగుల దాక పారింది.
ఆడ ఆగింది.

కంటికి కనపడని చిన్న మెట్టు.
కోత నడుమ ఫోను మోగితే
తోసే చెయ్యి ఒక్క గడియ నిలిచిన జాగ.
బ్లేడు తిరుగుతనే ఉండె,
నేనే ఆగిన.

చిత్రిక తీసి రెండు పట్లు పట్టిన.
మల్ల పోగు గుంజింది, పారింది.
"అయినా యాభై రూపాలు తక్కువిస్త" అన్నది.
"బ్లేడు కొత్తదే కదా అమ్మా" అంటే
"నేను బ్లేడుకిస్తున్ననా?"

అరవై పండ్లది పారెయ్యలేదు.
మేకుకు తగిలేసిన, ప్లైవుడ్డుకు పనికొస్తది.
గాలికి అప్పుడప్పుడు గోడకు తగిలి
టంగుమంటది.
ఫోను ఇప్పుడు బయట,
చాయ్ పిల్లగాని జేబుల.