బై తర్వాత ఎవరు

చీమకుర్తి దాకా ఒంగోలు బస్సు, అక్కణ్ణుంచి షేరాటో.
దిగేసరికి నా చీరె రంగు ఒక మెట్టు తగ్గుతుంది.
తొమ్మిదో తరగతి బి సెక్షన్, నలభై ఒక్కమంది,
అన్నం తిన్నాక మొదటి పీరియడు ఇంగ్లీషు,
క్వారీలో పేలుళ్ల వేళ కూడా అదే.

"బుక్కు కాదు, బుక్. చివరి తోక కత్తిరించండి" అన్నాను.
ఉకారాన్ని మింగమన్నాను.
మింగారు పాపం,
నలభై ఒక్క తలుపులు ఒక్కసారే మూసుకున్నట్టు
బుక్, అన్నారు.
షంషాద్ మాత్రం లేచింది:
"మాటని అట్టా టక్కున ఆపేస్తే
కోపమొచ్చిందనుకోరా టీచర్, ఎదురుగా ఉన్నోళ్లు?"
బి.ఇడిలో నేను చదివిన ఏ పేజీలోనూ దీనికి జవాబు లేదు.
కూర్చో, అన్నాను. కొంచెం కోపంగానే.

మాలకొండయ్యది ఇంకో బాధ.
వక్తృత్వ పోటీకి పేరిచ్చాడు, అంశం పరిశుభ్రత.
కుక్క తరుముతున్నట్టు మాట్లాడతాడు.
"ఆగాలిరా. కామా దగ్గర ఒకటి లెక్కపెట్టు,
ఫుల్‌స్టాప్ దగ్గర రెండు,
ముఖ్యమైన మాట ముందు ఇంకా ఎక్కువ."
"ఎంత ఎక్కువ? సైరన్‌కీ పేలుడికీ మధ్య ఉంటది చూడండి, అంతా?"
అంత వద్దు నాయనా, అనేలోపే మొదలుపెట్టాడు.
రెండు వాక్యాలు చెప్పి ఆగాడు.
ఆగే ఉన్నాడు.
ముందు బెంచీలో ఇద్దరు
తెలియకుండానే చెవులు మూసుకున్నారు.
నేనూ, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి
గాల్లోనే ఉంచుకున్నాను.
అప్పుడన్నాడు, మెల్లగా, "వాటర్."

(ఒంగోల్లో మూడో బహుమతి. మరీ ఎక్కువసేపు ఆగాడట,
మర్చిపోయాడనుకున్నారట జడ్జీలు.)

పుస్తకంలో ఒక మంచు పద్యం ఉంది.
మంచు దేనికి సంకేతం? మూడు మార్కులు.
గైడులో "శాంతి" అని ఉంది, అందరూ శాంతి అనే రాశారు.
ఒక్క పేపర్లో, పేరు రాయడం మర్చిపోయిన పేపర్లో:
మంచంటే దగ్గు రాని రాతిపిండి.
వెతికినా దొరకలేదు ఎవరిదో.
అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు.

ఆ తర్వాత పాసివ్ వాయిస్.
వాళ్లు రాయి కోశారు. రాయి వాళ్ల చేత కోయబడింది.
బై తర్వాత కర్త వస్తాడు.
ఎవరో తెలియకపోయినా, చెప్పనవసరం లేకపోయినా
బై తీసెయ్యొచ్చు, అన్నాను.
రూలు అదే. పరీక్షలోనూ అదే.

సొంతంగా ఐదు రాయమంటే
స్వర్ణ ఏంజెల్ రాసింది:
ద స్టోన్ వాజ్ కట్.
ద లారీ వాజ్ లోడెడ్.
ద టీ వాజ్ డ్రంక్.
మై ఫాదర్స్ ఫింగర్ వాజ్ కట్.
దాని కింద, బై, అని రాసి
మార్జిన్ దాకా చుక్కలు.
"ఇక్కడ తీసెయ్యాలా టీచర్?
ఎవరో తెలియదనా, చెప్పనవసరం లేదనా?"

ఇంట్లో ఏమంటారమ్మా, అని అడిగాను, ఏం అడగాలో తెలియక.
"ఏమంటారు, తెగింది అంటారు."

తెగింది.
తొడిమ నుంచి కాయ రాలినట్టు, దానంతటదే.
మన తెలుగుకి బడు కూడా అక్కర్లేదు,
మిషనూ ఉండదు, మేస్త్రీ ఉండడు, నైట్ షిఫ్టూ ఉండదు,
ఒక వేలు, ఒక క్రియ.
ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషుదే ఆ మాయ అనుకుంటున్నాను.

నాలుగు వాక్యాలకీ టిక్కు పెట్టాను.
చుక్కల దగ్గర ఎర్రపెన్ను ఆగింది.
ఆ నోట్సు ఇంకా నా సంచిలోనే ఉంది,
రోజూ అడుగుతుంది, రోజూ రేపంటాను.

సాయంత్రం బస్సులో కండక్టరు ఎక్కడికన్నాడు.
"ఒంగోల్."
"ఏందీ?"
రోజంతా తోకలు కోసిన నోరు.
"ఒంగోలు" అన్నాను,
చివర కాస్త సాగదీసి.
టికెట్టు చించి ఇచ్చాడు.