వెంట్రుకవాసి సందు

మూడు ఆటలు ఓడిపోయాయి మా ఇంట్లో ఈ చలికాలం.
ఒకదానికి నియమాల పుస్తకమే నలభై పేజీలు.
ఒకటి ఫ్రౌకె ఏడుపుతో బల్లకిందికి పోయింది.
మూడోది మావారికి తప్ప ఎవరికీ నచ్చలేదు.

నాలుగోది పాతసామాన్ల సంతలో, రెండు యూరోలకి.
చదరపు బిళ్ళలు: దారి, వాగు, కోటగోడ ముక్క.
ఒకటి తియ్యి, అంచుకి అంచు కలిసేలా పెట్టు.
అంతే.

మా నాన్న వుబ్బో,
ఖ్రోనింగన్‌లో సగం స్నానాలగదులకి పలకలు పరిచినవాడు,
మోకాళ్ళు అరిగాక కిటికీకే అతుక్కుపోయినవాడు,
కుర్చీ బల్లదగ్గరికి జరుపుకున్నాడు.

బిళ్ళ పెట్టి బొటనవేలితో నొక్కుతాడు,
కింద తడిసిమెంటు ఉన్నట్టు.
ఒక కన్ను మూసి వరస చూస్తాడు.
మధ్యలో వెంట్రుకవాసి సందు వదిలి
"వాటికీ ఊపిరాడాలిగా" అంటాడు.
"తాతా, నీ వంతు ఎప్పుడో అయిపోయింది!"
చెవుడు నటిస్తాడు.

డబ్బాలో ఒక బిళ్ళ తక్కువని ఆఖర్న తెలిసింది.
వాగు నడిమధ్య ఆగిపోయింది.
ఫ్రౌకె బిస్కెట్ల అట్ట చింపింది.
నాన్న లేచాడు, తనంతట తనే,
మెట్లకింద పెట్టెలోంచి కొలబద్ద తెచ్చాడు,
చెవిమీద పెన్సిలు.

ఎవరు గెలిచారని అడక్కండి.
బఠాణీల సూపు చల్లారిపోయింది.
అర మిల్లీమీటరు ఎక్కువొచ్చిందట,
ఇంకా కోస్తూనే ఉన్నాడు.