యాభై దగ్గర

సాయంత్రం ఆరూ నలభై.
ఖైరతాబాద్‌లో మా గదికి కిటికీల్లేవు.
చీకటి పడిందని నాకు చెప్పేది ఆకాశం కాదు,
గోడ మీది ఎర్ర అంకె.
నలభైతొమ్మిది పాయింట్ తొమ్మిది ఒకటి.
ఊరంతా ఒక్కసారే స్విచ్చి నొక్కితే
ఆ అంకెకి ఆయాసం వస్తుంది.

ఫోనెత్తుతాను.
"సైదులన్నా, రెండో మెషిన్ తీస్కో."
"తీస్కుంటున్న మేడం. ఛాయ్ తాగినవా?"
ఆరేళ్లుగా ఈ గొంతే. మనిషిని చూసింది లేదు.
గొంతు వెనకాల ఒక హోరు,
వంతెన మీద ఎప్పటికీ దాటిపోని రైలులాగా.

అక్కడ, సాగర్ గట్టు కింద,
ఉక్కు రెక్కలు చేప మొప్పల్లా విచ్చుకుంటాయి.
నీళ్లు పడతాయి.
అంతే. ఇందులో మాయేం లేదు.
నీటికొచ్చిన విద్య ఒక్కటే, కిందికి పోవడం.
పోయే దారికి మనం ఒక చక్రం అడ్డం పెట్టాం.
చక్రానికి ఇరుసు, ఇరుసుకి అయస్కాంతం,
అయస్కాంతం చుట్టూ రాగి.
నూటయాభై కిలోమీటర్ల తీగలో
ఒక్క చుక్కా ప్రయాణించదు.
వచ్చేది దాని బరువు,
పడిపోవడంలో ఉండే తొందర.
"తడి తగ్గది మేడం," అంటాడు సైదులు,
"దూకుడు తగ్గుతది."

యాభై.
అంకె నిలబడింది.
మెహదీపట్నంలో ఏ లిఫ్టూ ఆగలేదు,
ఏ ఆపరేషన్ బల్లమీదా దీపం వణకలేదు.
ఎవరూ ఏమీ గమనించలేదు.
మా పని జరిగిందనడానికి అంతకు మించి
రుజువు దొరకదు.

రిలీవర్‌కి జ్వరమట. డబుల్ డ్యూటీ.
రాత్రి రెండింటికి ఊరు దుప్పటి కప్పుకుంది.
ఇప్పుడు అంకె యాభై దాటి పైపైకి పాకుతోంది.
మిగిలిన కరెంటు దాచడానికి
మన దగ్గర ఇంత పెద్ద కుండ లేదు.
"అన్నా, ఇగ తిప్పు."
అదే చక్రం వెనక్కి తిరుగుతుంది.
సాయంత్రం పడ్డ నీళ్లే
మళ్లీ గట్టెక్కుతాయి.
"పడనీకి పైసల్ రావట్టె," అని నవ్వుతాడు,
"లేవనీకి ఇంకింత ఎక్కువ కట్టాలె."

సంతోష్‌నగర్ చేరేసరికి ఆరు కావస్తోంది.
మంచు. మెట్ల కింద బల్బు ఇంకా వెలుగుతోంది.
"పానీ ఆయా!" ఖుర్షీద్ బీ కేక.
రోజు విడిచి రోజు వచ్చే కృష్ణ నీళ్లు,
ఆ సాగర్ నుంచే,
పంపు మీద పంపు భుజమిస్తే
మెట్టు మెట్టుగా ఊరిదాకా ఎక్కి వచ్చినవి.
నీలం డ్రమ్ములో వాటి చప్పుడు.
పైన బల్బులో దూకిన నీళ్లు,
కింద బిందెలో ఎక్కిన నీళ్లు.
ఒకే నది రెండు దారుల్లో వచ్చి
మా మెట్ల కింద కలుసుకుంది,
ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా.
బిందెలో బల్బు ఊగుతోంది.

గల్లీలో ఏడు మోటార్లు
ఒక్కసారిగా అందుకున్నాయి.
బల్బు ఓ క్షణం కళ్లు చికిలించింది.
అలవాటుకొద్దీ గోడవైపు చూశాను,
అంకె కోసం.

గోడకి ఖుర్షీద్ బీ వాళ్ల క్యాలెండరు ఉంది.
ఆమె పాలవాడి లెక్క రాసుకుంటోంది.