ఆరు జతలు

బేతంచెర్ల. నాపరాళ్ల ఫ్యాక్టరీ.
పన్నెండు కట్టర్లు తిరుగుతాండాయి,
తెర మీద మాత్రం ఒక్కటే కనబడతాంది.
అదీ నిలకడ లేదు. ఒకసారి నాలుగోది, ఒకసారి పదోది.
"ఇన్ని మీటర్లు పెట్టిచ్చింది ఇందుకేనామ్మా?"
అన్నాడు పీరా సాబ్, కట్టర్ల మోత మీద గొంతు పెంచి.

పెట్టెలోంచి వచ్చినప్పుడే
అన్ని బోర్డులకూ ఒకే చిరునామా.
మా వీధిలో ముగ్గురు మద్దిలేటిలు ఉండేవాళ్లు.
బ్యాంకు నోటీసొస్తే
ఆ పొద్దు ఎవరు వాకిట్లో నిలబడింటే వాళ్లదే.
ఇదీ అంతే.

సీరియల్ వైరు తగిలించి కరెంటిచ్చినా.
నల్ల తెర. మూడు, రెండు...
సున్నా పడేలోపల ఏదో ఒక మీట నొక్కాల.
లేకుంటే తన పాటికి తాను లేచి పనిలోకి పోతుంది.
ఆ కాసేపే దానికి ఇంకా ఏమీ తెలీదు,
కట్టరు తెలీదు, బిల్లు తెలీదు, పీరా సాబ్ తెలీదు.
చెప్పింది వింటది.

ఆరు జతలు రాయాల.
మొదటి జత చివర బేసి రాకూడదు.
వస్తే అది ఒకరి పేరు కాదు,
సంతలో అందరికీ వేసే కేక.
సున్నా రెండుతో మొదలుపెట్టినా,
కంపెనీ ఇచ్చింది కాదు, మేమే పెట్టుకున్నామని.

కాళ్ల కింద సున్నపు తేట మాదిరి కట్టర్ల నీళ్లు.
మీటల సందుల్లో రాతి పిండి.
తొమ్మిదో బోర్డుకాడ
బి కొట్టాల్సిన చోట ఎనిమిది పడింది.
సేవ్ చేసినాక చూసుకున్నా.
దిద్దబోతే ఒప్పుకోలా,
ఒకసారి రాసింది మళ్లా రాయనంటాది.
అంతా తుడిచేస్తే దారుంది. ఉంది గానీ

పది మెమోలో సుంకమ్మ సుంకన్న అయింది.
కర్నూలుకు రెండుసార్లు తిరిగినాం.
మూడోసారి బస్సు చార్జీ లెక్కబెట్టి
మాయమ్మ కొంగున ముడేసుకునింది.
పాలిటెక్నిక్‌లో మూడేండ్లూ
సుంకన్న అంటే లేచి నిలబడినా.

తుడవలేదు.
లాగ్ పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసినా:
తొమ్మిది. ఎనిమిదే, బి కాదు.
ఇంకెవరికీ లేదు ఈ అంకె. చాలు.

సందెకాడ తెర మీద పన్నెండు గీతలు.
పీరా సాబ్ వేలుపెట్టి ఒక్కోటీ లెక్కబెట్టి
"ఈ తొమ్మిదోది కరెంటు ఎక్కువ తింటాందే" అన్నాడు.

తింటది సాబ్. బ్లేడు మొద్దుబారింది.
ఇన్నాళ్లూ దాని తిండి
పక్కోళ్ల ఖాతాలో పడతాండె.