తోపుడు కర్ర

ఎనిమిది వందల తొంభై తొమ్మిది మీద ఎర్ర గీత.
కింద, చేతిరాతతో, ఆరు వందల ఇరవై.
సాయంత్రం అయిదింటి దాకానే.

ఒక కాలు సొట్ట. అంతే దాని తప్పు.
నెలల తరబడి కొట్టు అద్దాల వెనక నిలబడి
లూనెన్‌బర్గ్ వాలు దిగే ప్రతి మనిషినీ చూసింది.
ఇవాళ నన్ను చూసింది.

అరచెయ్యి ఆనించాను.
పోత ఇనుప బల్ల, ఆగస్టులోనూ చల్లగా,
చేపల గిడ్డంగి గచ్చులా.
మధ్యలో సన్నని చీలిక.
పళ్ళు లోపలే దాచుకుంది, మర్యాదస్తురాలు.

"మీకు బోలెడు మిగులు, మిస్ జ్వికర్," అన్నాడు ట్రెంట్.
వీడి ఎనిమిదో పుట్టినరోజు కార్డు
మోకాలి లోతు మంచులో నేనే మోసుకెళ్ళి ఇచ్చాను.
రెండు వందల డెబ్భై తొమ్మిది డాలర్ల మిగులట.
నేనింకా ఖర్చు పెట్టని డబ్బులోంచి
నాకు మిగిలే డబ్బు!
ముప్ఫయ్యొక్కేళ్ళు ఉత్తరాలు పంచినదాన్ని,
ఇంత తియ్యటి కవరులో ఏముంటుందో
చింపకుండానే చెప్పగలను.

అయినా.
ఇంటికి పద్నాలుగు కిటికీలు.
చలి దిగేలోగా పద్నాలుగింటికీ బయటి చట్రాలు కావాలి.
పలకని నిలువునా చీల్చాలంటే
చేతిరంపంతో నలభై నిమిషాలు,
మధ్యలో రెండుసార్లు టీ, ఒకసారి తిట్లు.
ఆ రంపం వేలంలో నాలుగు డాలర్లకి దొరికింది.
పిడి మీద ఎవరి బొటనవేలో చేసిన గుంట,
పడవలు కట్టినవాడిదే అయ్యుండాలి,
నా వేలు అందులో సరిగ్గా ఇముడుతుంది.
కానీ సంచి వేలాడిన నా కుడిభుజం
రాత్రిళ్ళు నాతో పని లేకుండా మేలుకుంటుంది,
పక్కింటి పసిపిల్లలా.

సరే, కొంటే ఎక్కడ పెట్టను?
షెడ్డుని అడుగులతో కొలిచాను, నమ్మక టేపుతో కొలిచాను.
ఎనిమిదడుగుల పలక ఈ చివర్నుంచి ఆ చివరికి పోవాలంటే
వానలోనూ తలుపు తెరిచే ఉండాలి.
కెటిల్‌తో పాటు వేస్తే ఫ్యూజు పోతుంది,
కాబట్టి కొయ్యా, టీయా, ఏదో ఒకటే.
వద్దనుకున్నాక వదిలించుకుందామంటే
కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

వెర్నన్ బావ దగ్గరికి వెళ్ళాను.
క్రిబేజ్ ఆడేటప్పుడు ఎడమచేతి మూడున్నర వేళ్ళతో
పేకముక్కల్ని విసనకర్రలా పట్టుకుంటాడు.
"వద్దంటావని వచ్చాను."
"కొనుక్కో."
"మరి నీ వేలు?"
పుల్లని రెండు గుంటలు ముందుకి జరిపాడు.
"రంపం తియ్యలేదే. తొందర తీసింది.
మీ అక్క భోజనానికి పిలుస్తోంది. అదే చివరి పలక.
తోపుడు కర్ర గోడకుంది, రెండడుగుల దూరంలో.
ఆ రెండడుగులకే బద్ధకించాను."
రేవులో పొగమంచు హారన్ ఒకసారి మూలిగింది.
ఆ సగం వేలితోనే
తన పాయింట్లు సరిగ్గా లెక్కపెట్టాడు, నావి తక్కువగా.

దారంతా అదే మాట.
అయిదింటి దాకానే అని రాసిన అట్టముక్క,
అది మాత్రం తొందర కాదా?
ధర చీటీకి కూడా
ఒక పన్ను ఉంటుందేమో, కనబడకుండా.

నాలుగుంపావుకి షెడ్డులోకి వెళ్ళాను.
మూలన చేవ ఉన్న మేపుల్ ముక్క ఒకటి.
చెవి మీది పెన్సిల్ తీసి గీత గీశాను.
మడమ దగ్గర గాటు, బొటనవేలికి ఆనిక.
ఆ పళ్ళకి నా చెయ్యి ఎంత దూరం ఉండాలో
అంత పొడవు.
చేతిరంపంతోనే కోశాను.
గరుకు కాగితంతో అంచులు రుద్దాను,
రొట్టెకి వెన్న రాసినంత నెమ్మదిగా.
అయిదెప్పుడు దాటిందో
పొట్టు ఊదుకుంటూ నేను చూడలేదు.

ఫోను మోగింది. ట్రెంట్.
"ఎవరూ తీసుకోలేదు, మిస్ జ్వికర్.
అదే రేటుకి సోమవారం దాకా ఆపమంటారా?"

అవుననలేదు. కాదనీ అనలేదు.
కర్రని గోడకి కాదు,
చెయ్యి చాస్తే అందే చోట మేకు కొట్టి తగిలించాను.
ఇంకా రాని బల్ల పక్కన
కాస్త ఒదిగి నిలబడి అడిగాను:

"ఆ సొట్ట కాలు, ఏ వైపుది?"