కాఫీ తాగొస్తానని వెళ్లిన మనిషి

శనివారాల్లో నా కొట్టు తలుపు గంట
రెండు రకాలుగా మోగుతుంది.
కొనేవాళ్లు తలుపు చేత్తో తోస్తారు.
అమ్మేవాళ్లు వీపుతో తోస్తారు,
చేతుల నిండా పెట్టెలుంటాయి కనుక.

ఇవాళ వీపుతో వచ్చినాయన ఆర్లో విట్‌కాంబ్.
మూడు పెట్టెలు. భుజాల మీద
ఈరీ సరస్సు మంచు ఇంకా కరగలేదు.
"మా అన్నవి. బతికున్నన్నాళ్లూ
నన్ను వీటి దరిదాపులకి రానివ్వలేదు.
ఇల్లు ఖాళీ చేస్తున్నాం మిసెస్ పావ్లక్.
ఎంతొస్తుంది?"

ముప్ఫై ఏళ్లు ఈ బల్ల వెనక నిలబడి
నేర్చుకున్నది ఒక్కటే:
కాదు అనేముందు మూత తియ్యాలి.
మొదటి వరస చివరిదాకా వేళ్లు నడపాలి,
తెలిసిన రోగానికే అయినా
డాక్టరు నాడి పట్టుకున్నట్టు.

ఎనభై ఎనిమిది. ఎనభై తొమ్మిది. తొంభై.
ఆ ఏళ్లలో అచ్చు యంత్రాలకి నిద్ర లేదు.
మరమరాలు వేయించినట్టు వేయించారు బేస్‌బాల్ కార్డులు.
ఊళ్లో ప్రతి పిల్లాడూ దాచాడు,
మూల నలక్కుండా, ఎండ తగలకుండా,
కాలేజీ ఫీజు అవుతుందని నాన్నలు నమ్మించారు.
అందరూ దాచుకున్నదానికి వెల ఎక్కణ్ణుంచి వస్తుంది?
ఎవడో ఒకడు పారేసుకోవాలి కదా
ఇంకొకడు వెతుక్కుంటూ రావాలంటే.

"పోనీ, ఎంతో కొంత?"
సరుకు కంటే అట్టపెట్టె ఖరీదెక్కువ నాయనా
అనలేదు.
అందరికీ అప్పజెప్పే పాఠమే అప్పజెప్పాను:
హాలోవీన్ రాత్రి చాక్లెట్‌తో పాటు తలా ఒకటి పంచండి.
పిల్లల ఆసుపత్రిలో అడిగి చూడండి.
సైకిలు చువ్వలకి బట్టల క్లిప్పుతో తగిలిస్తే
మోటారు చప్పుడొస్తుంది, వీధి చివరిదాకా.
ఇదిగో, నా బల్ల కుంటికాలు కింద చూడండి,
పద్నాలుగేళ్లుగా మోస్తున్నాడు.
క్యాచర్ లెండి,
గొంతుక్కూర్చోవడం అతని ఉద్యోగమే.

ఆర్లో నవ్వలేదు.
"కాఫీ తాగొస్తా" అన్నాడు.
ఈ నెలలో కాఫీకి వెళ్లినవాళ్లలో ఇతను మూడోవాడు.
ఎదురుగా కాఫీ కొట్టు మూతపడి రెండేళ్లయింది.

నాలుగింటికి బడిసంచితో రెజీనా ఖతివడా.
వాళ్లమ్మానాన్నలు భూటాన్ నుంచి, నేపాల్ శిబిరాల మీదుగా,
ఈ పిల్ల మాత్రం పక్క వీధి నుంచి.
వచ్చీ రాగానే, "ఒక్క వరస వాళ్లున్నారా?"
ఆమెకి గొప్పవాళ్లు అక్కర్లేదు.
వెనక్కి తిప్పితే ఒకే ఒక్క ఏడాది లెక్క ఉండాలి:
తొమ్మిది ఆటలు, మూడు దెబ్బలు, ఇక ఏమీ లేదు.
"వీళ్లైతే పూర్తిగా చదవొచ్చు" అంటుంది.
మూడుని పదకొండుతో భాగించి
సున్నా పక్కన చుక్క పెట్టి
నాలుక బయటపెట్టి రాస్తుంది.

పెట్టెలు ముందుకి జరిపాను. నీవే, తీసుకో.

రెండోదాంట్లో, అడుగున,
నేను చెయ్యి పెట్టని చోట, దొరికింది:
ఆ వేల కార్డుల్లో
గట్టి ప్లాస్టిక్ తొడుగు వేసినది ఒక్కటే.
ఎవడో పేరులేని షార్ట్‌స్టాప్.
మూల లేదు.
లేని మూల చుట్టూ నాలుగు చిన్న పంటి గాట్లు.
వెనక బాల్‌పెన్ను, పెద్ద అక్షరాలు,
కాగితం చిరిగేంత కోపంగా:
"ఆర్లో కొరికాడు. క్షమించను."
కింద తేదీ.

"ఇది పాడైపోయిందా?" అంది రెజీనా.
అవును, అన్నాను. బాగా పాడైపోయింది.

ఫోన్ నంబరు తీసుకోలేదు నేను.
కాదు అని చెప్పినవాళ్ల నంబరు ఎందుకు తీసుకుంటాం?

అద్దాల బీరువాలో పెట్టాను,
నాలుగొందల డాలర్ల పిచ్చర్ పక్కన.
చూసినవాళ్లు ధర చీటీ లేదేమని అడుగుతారు.
దాని మనిషి కాఫీకి వెళ్లాడు,
వచ్చాక అడుగుదాం అంటాను.