నొక్కు, పట్టుకో

ఫోన్లో రెండు మాటలే: "కాలు కావాలి."
ఎమ్రిస్ అంతే. సగం మాట నోట్లో, సగం జేబులో.
వాన వెలిసిన శనివారం. బ్లైనైలో
పలకరాతి కప్పుల అంచుల నుంచి ఇంకా చుక్కలు జారుతున్నాయి.
వెళ్ళాను. తిట్టుకుంటూనే వెళ్ళాను.

షెడ్డులో ఆ పసుపు కారు, నాలుగు స్టాండ్ల మీద, చక్రాల్లేకుండా,
స్నానానికి నిలబెట్టిన పసివాడిలా.
ఆరువందల ఇరవై కిలోలు.
బరువు తగ్గాలని రేడియో పీకేశాడు, హీటరు పీకేశాడు,
చివరికి గుత్తిలోంచి ఇంటి తాళంచెవి కూడా తీసేశాడు.
బంగారం తూచినట్టు మరలు తూచే మనిషి.
బల్ల మీద కొత్త కాలిపర్లు, ఉక్కు అల్లిన గొట్టాలు, మందపాటి డిస్కులు.
"కాలిపర్లు పాతవాటి కంటే తేలిక," అన్నాడు, అడక్కుండానే.
"డిస్కులే బరువు. తెలిసే పెట్టాను."
తెలిసే పెట్టాను, అంటున్నప్పుడు
స్పానరు వైపు చూశాడు.

రెండేళ్ళ కిందటి నవంబరు.
కనుమ దిగుతుంటే మూడో మలుపులో
పెడల్ నేలదాకా వెళ్ళిపోయింది.
బ్రేకు లేదని వాడు అనలేదు.
వాడి కాలు మళ్ళీ మళ్ళీ తొక్కడం చూశాను,
అడుగు లేని చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టు.
పాత నూనె తేమ పీల్చుకుంటుందట, వేడికి మరిగిపోతుందట.
ఇవన్నీ ఆసుపత్రిలో ఎవరో చెప్పారు.
రాతిగోడ మమ్మల్ని ఆపింది.
నా మణికట్టు ఇప్పటికీ వాన కంటే ముందే వాన చెబుతుంది.
ఆ కారు మళ్ళీ ఎక్కలేదు. ఎక్కమని వాడూ అనలేదు.
క్రిస్మస్ బల్లకి చెరో చివర.
ఉప్పు ఇటివ్వు. ఇదిగో.

ఇప్పుడు, "కూర్చో," అన్నాడు.
వాడి కాళ్ళ పొడవుకి బిగించిన సీటు.
నా వీపుకి ఆనేలా ఓ దిండు ముందే పెట్టి ఉంది.
దిండు గురించి ఇద్దరం ఏమీ అనలేదు.

"నొక్కు." నొక్కాను.
"పట్టుకో." పట్టుకున్నాను.
వెనక ఎడమవైపు ఎక్కడో స్పానరు పావు చుట్టు తిరిగింది.
పాదం కింద పెడల్ కుంగింది, కుంగింది,
అదే నేల.
"వదలకు. వదలకు... ఆ, వదులు."
సన్నటి గొట్టంలో బుడగలు, జామ్ సీసాలోకి,
ఒకటి, ఓ గుంపు, మళ్ళీ ఒకటి.
"గాలి అణుగుతుంది, హెలెద్. నూనె అణగదు,"
అన్నాడు కారు కింద నుంచి.
"అందుకే." ఎందుకో చెప్పలేదు.

నొక్కు, పట్టుకో, వదులు.
రెండేళ్ళలో మేం మాట్లాడుకున్నవన్నీ పోగేసినా
ఇన్ని మాటలుండవు.
ముందు కుడి చక్రం దగ్గరికి వచ్చేసరికి
పెడల్ అంగుళం దిగి ఆగింది.
రాయిలా కాదు.
చేతిలో చెయ్యి వేసి నొక్కితే
అవతలివాళ్ళూ నొక్కినట్టు.

చక్రాలెక్కించి, "పాల కొట్టుదాకా?" అన్నాడు.
"నేను నడుపుతాను."
తాళంచెవి ఇచ్చాడు.
పక్క సీట్లో కుక్కిన పేనులా వాడు.
మూడో మలుపు ముందు, అవసరం లేకపోయినా తొక్కాను.
ముక్కు వంచి, గీత గీసినట్టు ఆగింది.
అక్కడ పెడల్ లేదు,
అయినా వాడి కుడికాలు నేలని తొక్కిపెట్టే ఉంది.
గోడలో మేం కూల్చిన చోట రాళ్ళు మళ్ళీ పేర్చారు,
ఇంకా నాచు పట్టలేదు.
ఓ గొర్రె మా వంక చూసి, నమలడం మానకుండానే,
తల తిప్పుకుంది.

తిరిగొచ్చాక కనబడింది:
ముందు రెక్క మీద నూనె చుక్క పడి
పెన్నీ అంత మేర పసుపు రంగు పొక్కి ఊడింది.
"తుడవలేదేం?"
"నువ్వు చెప్పలేదుగా."
వేలితో ఆ చోటు తడిమాడు. నవ్వాడో, దగ్గాడో.
"ఉండనీ," అన్నాడు,
"ఓ గ్రాము తగ్గింది."